ఆయిల్ ప్రెజర్ మీటరు గారి సముఖానికి

మహారాజశ్రీ ఆయిల్ ప్రెజర్ మీటరు గారికి,

తమ ముల్లు ఎటు వాలితే అటే ప్రాణం వాలే ఒక పాత కాంటెస్సా కారు యజమాని నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉన్నారని నిన్న సాయంత్రం నెల్లూరు ఆటోనగరులో తేలింది. ఇంజను కూడా క్షేమమేనని అదే షెడ్డులో, అదే గంటలో తేలింది. ఒంగోలులో నా మేనకోడలిని మేనమామగా నేను గంపలో కూర్చోబెట్టి పీటల మీదకు తీసుకురావలసిన సమయానికి, నా స్థానంలో పెళ్ళికొడుకు వైపు వారెవరో చెయ్యి వేశారని మాత్రం ఫోటోలలో తేలింది. ఆ ఫోటోలో ఆయన చాలా సంతోషంగా ఉన్నారు.

రోహిణీ కార్తె ఎండలో ఉలవపాడు దాటుతూ, రహదారి పక్కన బంగినపల్లి పండ్ల గుట్టల ముందు బండి నిలిపి, ఇంజను ఆపకుండానే ధర అడుగుతున్న ఆ శుభ సమయంలో తమరు పదిహేను పౌండ్ల ఒత్తిడి దగ్గర నుంచి సున్నాకు, అక్కడి నుంచి సున్నా కింద ఉన్న మేకుకు ఒకే ఊపులో దిగిపోయారు. నేను తాళం తిప్పి ఇంజను ఆపేశాను. ఆయిల్ ప్రెజర్ సున్నా అని మీటరు చెప్పిన తరువాత ఇంజనును తిప్పే మనిషి ఎవరైనా ఉంటే, ఆయన క్రాంకు బేరింగుల ధర ఎన్నడూ అడిగి ఉండడు. నా బండికైతే ఆ ధర అడిగే అవకాశం కూడా లేదు, ఎందుకంటే దానిలో ఉన్న ఇసుజు కంపెనీ ఇంజనుకు విడిభాగాలు అమ్మే దుకాణాలు నెల్లూరులో కనుమరుగై చాలా కాలమయింది. మారుతి 800కు నలభైలోపు గుర్రాల శక్తి ఉన్న రోజులలో 88 గుర్రాలతో గూడూరు రోడ్డు మీద దూసుకుపోయిన బండి అది. దాని విలువ తెలుసు గనుకనే తమరిని ముచ్చటపడి డాష్‌బోర్డు కింద ప్రతిష్ఠించుకున్నాము.

పండ్లు అమ్మే ఆవిడ లేచి వచ్చి బానెట్టు వైపు చెవి పెట్టి, "ఏంది నాయనా, బండి బాగానే మోగతా ఉండింది గదా, ఎందుకాపేసినావు?" అని అడిగింది. గమనించండి. ఇంజను అంటే ఏమిటో ఏనాడూ చదువుకోని ఆ తల్లి చెవికి ఇంజను పైభాగంలో వాల్వులను నడిపే ట్యాపెట్ల చప్పుడు లేదని అర్థమయింది. ప్రెజర్ నిజంగానే పోయి ఉంటే కొద్దిసేపటిలోనే పైన ట్యాపెట్లు టకటకమని, ఆ తరువాత కింద బేరింగులు దబదబమని చెప్పి ఉండేవి. ఆవిడ చెప్పినది నిజం, తమరు చెప్పినది అబద్ధం. కానీ అద్దం వెనుక తెల్లటి అంకెల మీద నల్లటి ముల్లుతో చెప్పే అబద్ధానికి ఉన్న గౌరవం, చెమట తుడుచుకుంటూ చెప్పే నిజానికి మన దేశంలో ఎక్కడ ఉంది?

అటుగా వెళుతున్న బంధువుల కారులో ఒక్కరికే చోటు ఉండడం వలన, పట్టుచీరలో ఉన్న నా భార్యను, చదివింపుల సంచిని అందులో ఎక్కించి, బండికి కాపలాగా నేను మిగిలాను. ఆమె ఎక్కుతూ, "ఏమండీ, ఆ మీటరే చెడిపోయి ఉండకూడదా?" అని ఒక్క మాట అన్నది. బండిని ఎక్కించుకునే లారీ వచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది.

ఆటోనగరులో పెద్ద మేస్త్రి గారు డిప్‌స్టిక్ తీసి చూసి, ఆయిలు సరిగానే ఉందని చెప్పి, ఇంజను బ్లాకు నుంచి తమకు ఒత్తిడి కబురును తీగ మీద పంపే సెండరును విప్పి, అదే రంధ్రానికి రబ్బరు గొట్టంతో ఒక పాత ఇత్తడి మీటరును తగిలించారు. ఆ మీటరులో కరెంటు లేదు, తీగ లేదు. వంకర తిరిగిన చదును గొట్టం ఒకటి ఉంటుంది, లోపలికి ఒత్తిడి వస్తే ఆ వంపు కొంచెం సాగుతుంది, ఆ సాగినంత మేర ముల్లు తిరుగుతుంది. ఫ్రాన్సు దేశస్థుడు యూజీన్ బోర్డాన్ 1849లో పేటెంటు పొందిన ఏర్పాటు అది. స్టార్ట్ చేస్తే వేడి ఇంజను మీద, ఐడిలింగులో పదిహేను పౌండ్లు చూపించింది. నిమిషానికి మూడు వేల తిరుగుళ్ళకు నలభై ఎనిమిది. వెయ్యి తిరుగుళ్ళకు పది పౌండ్ల చొప్పున ఉంటే చాలునని పాత మేస్త్రులు పెట్టుకున్న లెక్కకు అది మించే ఉంది.

తరువాత ఆయన తమ సెండరును అరచేతిలో పెట్టుకుని చూపించారు. దాని మర చుట్టూ తెల్లటి టెఫ్లాన్ టేపు, నీళ్ళ కుళాయికి చుట్టినట్లు, బిగువుగా, పొరల మీద పొరలుగా చుట్టి ఉంది. వేడికి అంచులు నల్లబడి దారాలుగా చీలిపోయాయి. ఒంటి తీగ సెండరుకు ఎర్తు, అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారి, అందేది ఆ మర ద్వారానే, మర లోహం బ్లాకు లోహాన్ని తాకితేనే. బిగించిన రోజు మరలు టేపును కోసుకుని ఎక్కడో కాస్త తాకి ఉంటాయి, అదురుకూ వేడికీ ఆ కాస్త తాకిడి కూడా పోయింది. ఆ టేపు చుట్టిన మహానుభావుడు అంతటితో ఆగలేదు. ప్రెజరు పడిపోతే వెలిగేందుకు కంపెనీ వారు ఇచ్చిన ఎర్ర దీపం స్విచ్చును పీకేసి, దాని చోటునే తమరికి ఇచ్చాడు, కనుక తమ మాట తప్పయితే తప్పని చెప్పే సాక్షి కూడా లేకుండా పోయింది. ఆయన సంగతి ఆయన మనస్సాక్షికి వదిలేస్తున్నాను. నా తగవు తమరితోనే.

ఎందుకంటే, అయ్యా, టేపు చుట్టినవాడు తీగను తెంపాడు, అంతే. "సున్నా" అని ప్రకటించినది తమరు. తమ వంశంలో సెండరు నిరోధం సున్నా పౌండ్లకు 240 ఓములు, నిండు ప్రెజరుకు 33 ఓములు. నిరోధం పెరిగేకొద్దీ ముల్లు కిందికి దిగుతుంది. తీగ తెగినా, ఎర్తు పోయినా నిరోధం అనంతం, కనుక ముల్లు మేకుకు ఆనుకుంటుంది. ఇంజనులో చుక్క ఆయిలు లేకపోయినా తమ ముఖం అదే, చిటికెడు టేపు అడ్డం వచ్చినా తమ ముఖం అదే. అదే తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే అప్పుడు ఫుల్ చూపిస్తారు. "నాకు కబురు అందలేదు" అని చెప్పడానికి తమ దగ్గర ఒక గుర్తు లేదు, ఒక గీత లేదు, ఒక రంగు లేదు. కబురు అందకపోతే ఆ విషయం చెప్పాలి గాని, చావు కబురు చదవకూడదు. తమ యూరపు దాయాదులది మరీ విడ్డూరం. అక్కడ సున్నాకు 10 ఓములు, నిండుకు 180, కాబట్టి తీగ తెగితే ముల్లు పైకి ఎగిరి కూర్చుంటుంది, ఇంజను చస్తున్నా ఐశ్వర్యం చూపిస్తుంది. పై పెచ్చు అయిదు బారుల (బారు అంటే అక్కడి ఒత్తిడి కొలత) సెండరూ పది బారుల సెండరూ చూపుకు కవల పిల్లలు, ఒకటి ఉండవలసిన చోట ఇంకొకటి పెడితే ముల్లు సగమో రెట్టింపో చెబుతుంది. ఒక ఇంటి వారు ఊరికే ఏడిపిస్తారు, రెండో ఇంటి వారు నవ్విస్తూ ముంచుతారు. నాకు దక్కినది మొదటి ఇల్లు.

పోనీ తీగ బాగున్న రోజులలోనైనా తమ మాట సూటిగా ఉంటుందా? చల్లటి ఉదయం తాళం తిప్పగానే అరవై పౌండ్లు చూపిస్తారు, కొత్త యజమాని ఎవరైనా అయితే మురిసిపోతాడు. అది ఆరోగ్యం కాదు. చిక్కగా ఉన్న ఆయిలు సందులలో నుంచి దూరలేక వెనక్కి తంతున్న తన్ను అది. తోటకు నీళ్ళు పట్టే పైపు కొసను బొటనవేలితో నొక్కితే ఒత్తిడి పెరుగుతుంది, పడే నీళ్ళు మాత్రం తగ్గుతాయి. తమరు కొలిచేది ఆ నొక్కుడును. బేరింగుకు ఎంత ఆయిలు చేరుతున్నదో తమరికి తెలియదు. తమ సెండరు దాటిన తరువాత దారి పూడుకుపోయి ఉంటే తమరు ఇంకా ఎక్కువే చూపిస్తారు. అసలు ఆ అరవై దగ్గర కూడా తమ ఘనత ఏమీ లేదు, ఆయిల్ పంపు దగ్గరి రిలీఫ్ వాల్వు తెరుచుకుని మిగిలినదాన్ని ఇంజను అడుగున ఉన్న ఆయిలు తొట్టిలోకి వదిలేయబట్టే అక్కడ ఆగారు. అదే ఆయిలు మధ్యాహ్నం నూట పది డిగ్రీలకు కాగి పలచబడితే ఐడిలింగులో పదిహేనుకు దిగుతారు, నా గుండె జారుతుంది, అదీ మామూలే. ఆయిల్ టెంపరేచరు ఎంతో పక్కన తెలియనిదే తమ అంకెకు అర్థం లేదు. ఆ సంగతి అమ్మిన దుకాణంలో చెప్పరు, తమ అద్దం మీద రాయరు.

తమ పొరుగున ఉన్న నీళ్ళ టెంపరేచరు మీటరు గారి గురించి కూడా ఈ సందర్భంలో రెండు మాటలు మనవి చేసుకుంటాను. ఆయన పావుగంట కాకుండానే మధ్య గీతకు వచ్చి "అంతా వేడెక్కింది, ఇక తొక్కవచ్చు" అన్నట్లు నిలబడతారు. అప్పటికి ఆయిలు సగం కూడా కాగి ఉండదు, నీళ్ళ కంటే ఆయిలు కాగడానికి ఎప్పుడూ ఎక్కువ సేపే పడుతుంది. హోసు పగిలి నీళ్ళన్నీ రోడ్డు పాలయిన రోజున ఆయన సెండరు నీళ్ళలో కాక గాలిలో మిగులుతుంది కాబట్టి ముల్లు హాయిగా కిందికి దిగి చల్లదనం ప్రకటిస్తుంది. ఇప్పటి కార్లలో అయితే చాలావాటికి ఎనభై డిగ్రీలైనా, నూట అయిదైనా ముల్లు నడిమధ్యన కదలకుండా ఉండేలా కంపెనీలే సరిచేశాయి, యజమానులు కంగారు పడకూడదని. కంగారు పడడం యజమాని హక్కు అని వారికి ఎవరు చెప్పాలి?

ఈ వరుసలోనే తమ బంధువు ఒకరి కథ తమకు చెప్పాలి. మాజ్దా మియాటా అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో మొదటి సంవత్సరాలలో నిజమైన ప్రెజర్ మీటరు ఉండేది. తిరుగుళ్ళను బట్టి ముల్లు ఎక్కేది, దిగేది. 1995 మోడలు నుంచి అంకెల పలక అలాగే ఉంది, ముల్లు అలాగే ఉంది, వెనుక మాత్రం ఒక స్విచ్చు మిగిలింది. కాస్తంత ప్రెజరు వస్తే చాలు, ముల్లు మధ్యకు వచ్చి శిలావిగ్రహమై నిలబడుతుంది. అది ఎర్ర దీపమే, ముల్లు వేషం వేసుకుంది. ఆయనతో పోలిస్తే తమరు నిజాయితీపరులే. కనీసం అబద్ధం చెప్పేటప్పుడైనా కదులుతారు.

ఇంతవరకు తమరు, తమరు అని వ్రాశాను. ఇక నా వల్ల కాదు. ఒరేయ్, నా చెల్లెలు రాత్రి ఫోను చేసి, "అన్నయ్యా, కారు బాగానే ఉందంట గదా" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే భరించేవాడిని. ఆ "అంట గదా"కు నేను ఏమని బదులు చెప్పాలి? ఆయిల్ సెండరు ఎర్తు మర ద్వారా అందుతుందమ్మా, టేపు అడ్డం వచ్చిందమ్మా అని చెప్పాలా? నువ్వు వెళ్ళి చెబుతావా? లారీ కిరాయి నువ్వు ఇస్తావా? ఇంజను దింపాలేమోనని రోడ్డు పక్కన కూర్చుని అప్పు లెక్కలు వేసుకున్నాను, ఆ లెక్కలు నువ్వు చెరిపేస్తావా? డాష్‌బోర్డు కింద తీరిగ్గా కూర్చుని, కింద ఏమవుతున్నదో ఒక్కసారైనా కళ్ళతో చూడకుండా, తీగ ఏది చెబితే అది చదివే నీకు మేనమామ అంటే ఏమి తెలుసు?

నిన్ను పీకి పారేద్దామనే అనుకున్నాను. స్క్రూడ్రైవరు కూడా చేతిలో ఉంది. అయితే పోయిన చలికాలం కావలికి ఇవతల, ఫిల్టరు రబ్బరు వాషరు పక్కకు జరిగి ఆయిలు కారిపోతున్న రోజున, నలభై అయిదు ఉండవలసిన చోట నువ్వు ముప్పైకి వచ్చావు, చూస్తూ ఉండగానే ఇరవై అయిదుకు వచ్చావు. అందుకే ఆపాను, అందుకే ఇంజను మిగిలింది. ఎర్ర దీపం ఉన్నా ఆ రోజు అది వెలిగేది కాదు, ఆ స్విచ్చులు సాధారణంగా అయిదారు పౌండ్లకు పడిపోతే గాని మేలుకోవు. అది నువ్వు చేసిన పని. కాదనను. కాదనలేకపోవడమే నాకు ఇంకా కోపంగా ఉంది.

కనుక మేస్త్రి గారితో మాట్లాడి ఈ ఏర్పాటు చేయించాను. టేపు ఊడపీకించి, మరలను తీగ బ్రష్షుతో తోమించి, మళ్ళీ టేపు లేకుండా బిగించాము. బ్లాకు రంధ్రం దగ్గర T ఆకారపు ఇత్తడి ముక్క పెట్టి ఒక వైపు నిన్ను, రెండో వైపు ఎర్ర దీపం స్విచ్చును అమర్చాము. ఇకమీదట నువ్వు సున్నాకు పడి, దీపం వెలగకపోతే నీ మాట నమ్మను, చెవితో వింటూ నెమ్మదిగా పక్కకు తీస్తాను. రెండూ ఒకేసారి పడితేనే తాళం తిప్పుతాను. నీ పక్కన ఆయిల్ టెంపరేచరు మీటరు కూడా ఒకటి రాబోతున్నది. దానికి చోటు కావాలి కాబట్టి నువ్వు కొంచెం ఎడమకు జరగాలి. జరిపేటప్పుడు నీ తీగ మరొకసారి విప్పుతారు, బిగిస్తారు. బిగించేటప్పుడు నేను అక్కడే నిలబడి ఉంటాను, తెల్ల టేపు చుట్ట నా జేబులో ఉంటుంది.

ఇట్లు,
పెళ్ళి ఫోటోలలో లేని మేనమామ