చి.ల.సౌ. దేశభక్తి బొంతకు

చి.ల.సౌ. దేశభక్తి బొంతకు ఆశీర్వదించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ముప్పై ఇళ్లలో కుట్టిన ముప్పై ముక్కలూ ఒక్కటై నువ్వు కూడా క్షేమమని తలుస్తాను.

నిన్ను కుట్టి, లాటరీ పెట్టి, వచ్చిన డబ్బు మాజీ సైనికులకు ఇద్దామని బొంతలు కుట్టే మా క్విల్టింగ్ గుంపులో అనుకున్న రోజు చేతులన్నీ ఒక్కసారే లేచాయి. అమెరికా జెండా రంగులే నీకు: ఎరుపు, తెలుపు, నీలం. ఎరుపంటే ఏ ఎరుపు అని ఒకావిడ అడిగేదాకా మా ఐకమత్యం బాగానే ఉంది. అది తేలడానికి మూడు మీటింగులు పట్టింది.

అసలు జెండానే కుట్టేద్దామన్నారు ముందు. అమెరికా పార్లమెంటు, అంటే ఇక్కడి కాంగ్రెస్, 1942లో చట్టం చేసిన జెండా నియమావళిలో, జెండాను పక్కబట్టగా వాడకూడదని ఉంది. వాడితే శిక్షేమిటో ఆ నియమంలో లేదు కానీ, మా సెక్రటరీ గారు ఉన్నారుగా! అందుకని నువ్వు దూరం నుంచి జెండాలా, దగ్గరికొస్తే దుప్పటిలా ఉండాలని తీర్మానం.

ఇక కొలత. చిన్న పీలికలు అతికి చేసే ఒక్కో ముక్క, మిగతావాటితో కలిపి కుట్టక ముందు, పన్నెండున్నర అంగుళాలు; కుట్టులో పోయే అంచు పావు అంగుళం. ఇంతకన్నా తేలికైన లెక్క ఉంటుందా? ముక్కలొచ్చాక చూస్తే మాలో ఎవరి పావు వాళ్లదే. కుట్టు అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగితే, రెండు బట్టలూ కలిపి ఎనిమిదో వంతు పోతుంది. అలాంటి అతుకులు ఎనిమిది దాటేసరికి అంగుళం గల్లంతు! పన్నెండు వచ్చినవాళ్లు పన్నెండుంపావు వాళ్లని చూసి నిట్టూర్చారు. పదమూడు అంగుళాల ముక్క ఎవరిదని అడిగితే నేను టీ కలపడానికి లేచాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో రెడ్ క్రాస్ కోసం బొంతలు కుట్టినవాళ్లు, చిన్న మొత్తం తీసుకుని దాతల పేర్లు వాటిమీద కుట్టేవారట. మా దగ్గర పైసా తీసుకోకపోయినా, వెనక అతికించే చీటీలో ఎవరి పేరు ముందుండాలన్నదే పెద్ద టెన్షన్.

ఇంత గొడవలోనూ ఒకావిడ నోరెత్తలేదు. ముక్కలన్నీ ఇంటికి పట్టుకెళ్లి, వంకర కుట్లు విప్పి, రాత్రిళ్లు మళ్లీ కుట్టుకొచ్చింది. ఆవిడ పేరు చీటీలో చివర్న ఉంది, అదీ ఒక అక్షరం తప్పుతో.

నిన్ను గెలుచుకున్నవాళ్లకి ఒక మాట చెప్పు. మొదటిసారి చన్నీళ్లలోనే ఉతకమను, రంగు పీల్చే కాగితం ఒకటి వేసి. బట్ట ముందే తడిపి ఆరబెట్టామని అందరం చెప్పాం. అందరం తడపలేదు.

ఇట్లు,
కింది వరసలో కుడి మూలనున్న పదమూడు అంగుళాల ముక్క తాలూకు మనిషి