పాత గుండు ఇక నాకొద్దు

మా నాన్నకి జుట్టు లేదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత జరిగిందేదీ అర్థం కాదు. మా ఇంట్లో గుండు అంటే నాన్నే. అమ్మ ముద్దుగా పిలిచినా అదే, కోపంగా పిలిచినా అదే. మూడేళ్ళుగా అమ్మ గ్రౌండ్‌లో షాట్‌పుట్ ఆడుతూ విసిరే ఇనుప బంతిని మాత్రం మేమంతా షాట్ అనేవాళ్ళం. ఈమధ్య వచ్చిన కొత్త కోచ్ దాన్ని గుండు అంటాడట. అమ్మ నోటికి ఆ మాట పట్టేసింది. ఈ విషయం నాన్నకి ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున అమ్మ ఫోన్లో ఎవరితోనో అంటోంది: "పాత గుండు ఇక నాకొద్దు తల్లీ. ఎన్నాళ్ళని మోస్తాను? మొన్నటితో 50 నిండాయి, ఇక తేలికైనది తెచ్చుకుంటా."

నాన్న చేతిలో పేపరుంది. దించలేదు, పేజీ తిప్పనూ లేదు. అమ్మ ఫోన్ పెట్టేశాక మొదలైంది. నేను పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు పని చేస్తున్నట్టు కూర్చున్నాను.

నాన్న: అంతా విన్నాను.

అమ్మ: మంచిది. మళ్ళీ చెప్పే పని తప్పింది.

నాన్న: పాతది వదిలేస్తున్నావన్నమాట.

అమ్మ: వదలక? మూడేళ్ళు మోశాను. భుజం పడిపోయింది.

నాన్న: మూడేళ్ళేనా? ఇరవై ఆరేళ్ళు కదా.

అమ్మ: మొదటి ఇరవై మూడేళ్ళు సంసారం మోశాను. ఆ లెక్క ఇందులో కలపకండి.

నాన్న: బరువనిపిస్తే అప్పుడే అనొచ్చుగా.

అమ్మ: అంటే మాత్రం? రూలు ఒప్పుకోదు. 50 నిండితేగానీ మార్చుకోనివ్వరు.

నాన్న: రూలా? ఎవరు పెట్టారా రూలు?

అమ్మ: ప్రపంచమంతా అదే. ఆడవాళ్ళకి 50కి ఒకసారి, 75కి ఒకసారి.

నాన్న: 75కి మళ్ళీనా!

అమ్మ: చేతిలో సత్తువుంటే. అప్పుడు ఇంకా చిన్నది ఇస్తారు.

నాన్న: చిన్నదా!

అమ్మ: ఎందుకలా అరుస్తారు? మీ మగవాళ్ళకైతే నాలుగుసార్లు. 50, 60, 70, 80. పదేళ్ళకోసారి మార్చుకుంటూ పోవచ్చు.

నాన్న: నాకు 58. నాకెవరూ చెప్పలేదే!

అమ్మ: అడిగితే కదా చెప్పేది.

(ఇక్కడ నాన్న కాసేపు ఆలోచించారు. ఏం ఆలోచించారో నేను అడగను.)

నాన్న: కొత్తది చూసుకున్నావా?

అమ్మ: చూడ్డమేంటి, చేత్తో పట్టుకుని మరీ చూశాను. నున్నగా, చల్లగా, ఎంత బాగుందో! పాతదానికి అక్కడక్కడా తుప్పు.

నాన్న (తల తడుముకుంటూ): తుప్పా?

అమ్మ: తడిసినప్పుడు తుడవకపోతే పట్టదా మరి.

నాన్న: ఎక్కడ చూశావు?

అమ్మ: గ్రౌండ్‌లోనే. కోచ్ మెడకి ఆనించుకోమన్నాడు.

నాన్న: మెడకా!

అమ్మ: మెడకే. గడ్డం కింద అదుముకుని నిలబడాలి. అక్కణ్ణుంచి కిందికి జారిందంటే ఫౌల్.

నాన్న: అసలు ఆనించుకోవడం ఫౌల్ కాదా?

అమ్మ: మెడకి దూరంగా పెడితేనే ఫౌల్.

నాన్న: అందరి ముందూనా?

అమ్మ: ప్రాక్టీసుకని ఉత్తుత్తి పోటీ పెట్టాడు. పన్నెండు మందిమి. తలా మూడుసార్లు. అందులో మొదటి ఎనిమిది మందికి ఇంకో మూడు.

నాన్న: నీకు?

అమ్మ: ఆరూ వచ్చాయి.

నాన్న: ఆ తర్వాత?

అమ్మ: తర్వాతేముంది, విసిరి అవతల పారేయడమే.

నాన్న (లేచి నిలబడి): మనిషినా?

అమ్మ: మనిషిని కాదండీ, గుండుని!

నాన్న: అదే నేనూ అంటున్నా. గుండు మనిషి కాదా?

ఒక్క క్షణం ఇల్లు నిశ్శబ్దం. తర్వాత అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది, కుర్చీలో కూలబడి నవ్వింది. నా అనుమానమేమిటంటే, మెడ దగ్గరే అమ్మకి సంగతి అర్థమైపోయింది. తెలిసే ఆరుసార్ల దాకా లాక్కొచ్చింది. అడిగితే ఒప్పుకోదు.

లేచి వెళ్ళి తలుపు వెనక నుంచి ఇనుప గుండు తెచ్చి నాన్న పేపరు మీద పెట్టింది. పేపరుతో పాటు టేబుల్ కూడా మూలిగింది.

అమ్మ: ఇదీ పాత గుండు. 4 కేజీలు. 50 దాటినవాళ్ళకి 3 కేజీలు. సరేనా?

నాన్న: షాట్ అనొచ్చుగా!

అమ్మ: తెలుగులో మాట్లాడినా తప్పేనా?

నాన్న: ఈ ఇంట్లో గుండు అంటే ఒక్కటే.

అమ్మ: ఇకనుంచి మూడు. కలిసిపోకుండా పేర్లు పెడతాలెండి. 4 కేజీల గుండు, 3 కేజీల గుండు, 82 కేజీల గుండు.

నాన్న: 81.

అమ్మ: దాన్ని విసరడానికి ఏజ్ గ్రూప్ ఇంకా పెట్టలేదు.

ఇక్కడితో అయిపోవాలి. ఏ ఇంట్లోనైనా అయిపోతుంది.

నాన్న: అయినా "ఎన్నాళ్ళని మోస్తాను" అన్నావు చూడు, ఆ విసుగు ఇనుము మీద విసుగులా లేదు.

అమ్మ: మీకు అలా వినిపించిందంటే మీ లోపల ఏదో ఉంది.

నాన్న: నా లోపల ఏముంటుంది?

అమ్మ: మూడేళ్ళ కిందటి మాట. "ఈ వయసులో పోటీలేంటి, ఉన్న ఎముకలు జాగ్రత్తగా చూసుకో" అన్నారు. గుర్తుందా?

నాన్న: ఎముకల మీద ప్రేమతో అన్నాను.

అమ్మ: ఆ ఎముకల కోసమే బరువులెత్తుతున్నా. వయసుతో పాటు కండ కరుగుతుంది, ఎముక పల్చబడుతుంది. ఆడవాళ్ళకైతే 50 దాటాక మరీ తొందరగా. బరువులెత్తితే ఏ వయసులోనైనా కండ పడుతుంది. పేపరెత్తితే పడదు.

నాన్న: నేను రెండు చేతులతో ఎత్తుతాను.

అమ్మ: కనిపిస్తూనే ఉంది.

నాన్న: అయినా ఇందులో నీ గొప్పేముంది? ఇనుము తేలికైంది, దూరం పోయింది.

అమ్మ: పాతదాంతోనే మొదటి పోటీలో 5.10 మీటర్లు వేసినదాన్ని 6.80 దాకా తెచ్చాను. అది తేలికవ్వలేదు, నేనే గట్టిపడ్డాను.

నాన్న: 5.14.

అమ్మ: ఏంటి?

నాన్న: మొదటి పోటీలో 5.10 కాదు. 5.14.

అమ్మ: మీరు రాలేదుగా. మీకెలా తెలుసు?

నాన్న: కాగితం ఇచ్చారుగా.

అమ్మ: ఆ కాగితం మూడో రోజే కనపడకుండా పోయింది. ఇల్లంతా వెతికాను!

నాన్న: నా పర్సులో ఉంది. పర్సు కాస్త లావుగా కనబడాలని పెట్టుకున్నా.

అమ్మ ఏమీ అనలేదు. పేపరు మీది గుండుని కొంచెం పక్కకి జరిపింది, నాన్నకి చదువుకోవడానికి వీలుగా. అంతకు మించి ఏదైనా జరుగుతుందనుకుంటే మీకు వీళ్ళు తెలియనట్టే.

అమ్మ: అసలు మేం విసరడానికి నిలబడే రింగు ఎంతుంటుందో తెలుసా? అడ్డంగా 2.135 మీటర్లు. మన మంచం కంటే కాస్త ఎక్కువ. అంత చోటులోనే వీపు తిప్పి నిలబడి, ఒంటికాలి మీద వెనక్కి జారి, తిరిగి విసిరి, ముందున్న చెక్క మీద కాలు పడకుండా ఆగాలి. ఆ ఆగడం నేర్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది.

నాన్న: ఆగడం నీకు ఇప్పటికీ రాలేదు. మాటల్లో చూస్తున్నాంగా.

(ఈ ఒక్కటీ నాన్నకి ఇవ్వాలి.)

అమ్మ: మీకు మొదలుపెట్టడమే రాదు.

(ఇచ్చిన వెంటనే పోయింది.)

నాన్న: మొన్న పుట్టినరోజుకి అంత సంబరపడ్డావెందుకో ఇప్పుడర్థమైంది.

అమ్మ: పడనా? మాస్టర్స్ పోటీలు 35తో మొదలు, అయిదేళ్ళకో గ్రూపు. మొన్నటిదాకా 45 గ్రూపులో నేనే అందరికంటే పెద్దదాన్ని. ఇప్పుడు 50 గ్రూపులో నేనే పసిపిల్లని.

నాన్న: వయసు పెరిగితే పసిపిల్లవడం ఎక్కడైనా ఉందా?

అమ్మ: విసిరేవాళ్ళకుంది. చదివేవాళ్ళకి లేదు. మన్ కౌర్ గారి గురించి విన్నారా? 93 ఏళ్ళకి పరుగు మొదలుపెట్టారు. 2017లో ఆక్లండ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్ గేమ్స్‌లో 101 ఏళ్ళ వయసులో 100 మీటర్లు పరుగెత్తి బంగారు పతకం తెచ్చుకున్నారు. 1 నిమిషం 14 సెకన్లు.

నాన్న: ఎంతమందిలో?

అమ్మ: ఆ గ్రూపులో ఆవిడ ఒక్కరే.

నాన్న: చూశావా! ఒక్కళ్ళే పరుగెత్తితే ఎవరైనా ఫస్టే.

అమ్మ: మిగతావాళ్ళు పేపరు చదువుకుంటూ ఉండిపోయారు మరి. ఆవిడని గ్రౌండుకి తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు? కన్నకొడుకు.

తల తిప్పకుండానే ఆ మాట గోడ దాటి నా గదిలోకి వచ్చింది. నేను ల్యాప్‌టాప్ కీలు గట్టిగా నొక్కాను.

నాన్న: 93కా మొదలుపెట్టింది? అయితే నాకింకా 35 ఏళ్ళు టైముంది. అనవసరంగా టెన్షన్ పడ్డాను.

అమ్మ: పడండి. అదొక్కటే మీకున్న ఎక్సర్‌సైజు.

నాన్న టేబుల్ మీది గుండుని ఒక చేత్తో ఎత్తబోయారు. రెండో చెయ్యి తనంతట తానే వచ్చి సాయం పట్టింది. గడ్డం దాకా తెచ్చి, మెడకి ఆనించి చూసుకుని, ఏమీ ఎరగనట్టు దించేశారు.

నాన్న: ఊరికే అడుగుతున్నా. నేను ఇప్పుడు దిగితే ఎన్ని కేజీలు?

అమ్మ: 6.

నాన్న: నీకంటే రెట్టింపా! అన్యాయం కదూ? 60కి?

అమ్మ: 5.

నాన్న: 70కి?

అమ్మ: 4.

నాన్న: 80కి?

అమ్మ: 3.

నాన్న: ఆగాగు. అప్పటికి నీకెన్నేళ్ళు?

అమ్మ: 72. నాకూ ఇంకా 3 కేజీలే.

నాన్న: అయితే 80కి మొదలుపెడతా. ఇద్దరికీ ఒక్క గుండు సరిపోతుంది.

అమ్మ: వాడాక తుడిచి పెడతారా?

నాన్న: పెడతాలే.

అమ్మ: సరే, మూడేళ్ళు కలిసి వాడుకుందాం. ఆ తర్వాత మీ దారి మీది. 75 నిండగానే నేను 2 కేజీలదానికి మారిపోతా.

నాన్న: మళ్ళీ మారుస్తావా!