మహారాజశ్రీ ఎల్‌ఈడీ స్ట్రిప్ గారికి

ఒక్కో దీపానికి విడివిడిగా రంగు మార్చగల స్ట్రిప్పు, మహారాజశ్రీ డబ్ల్యూఎస్2812బి గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ తమరికి రంగుల ఆజ్ఞలు పంపే ఈఎస్‌పీ8266 వైఫై బోర్డు, 5 వోల్టుల సప్లై, వైర్లు అంతా క్షేమం. తమరి క్షేమమే అర్థం కావడం లేదు. ఫోన్‌లో ఎరుపు నొక్కితే పచ్చగా నవ్వుతారు, పచ్చ నొక్కితే ఎర్రగా చూస్తారు. లోకమంతా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని వరస చెప్పుకుంటుంటే తమరికి ఆకుపచ్చ ముందు రావాలి. సరే, ప్రోగ్రాంలో కలర్ ఆర్డర్ ఆర్‌జీబీ తీసి జీఆర్‌బీ పెడితే ఆ అలక తీరిపోతుంది. మిగతా అలకల గురించే ఈ లేఖ.

తమరు తాగేది 5 వోల్టులు. డేటా వైరు మీద వచ్చే సిగ్నల్ మాత్రం అందులో 70 శాతం, అంటే 3.5 వోల్టులు ఉంటేనే ‘1’ అని ఒప్పుకుంటామని డేటాషీట్‌లో రాయించుకున్నారు. బోర్డు పాపం 3.3 దగ్గరే ఆగిపోతుంది. ఆ 0.2 కోసం ఎంత నాటకం! టేబుల్ మీద జానెడు వైరుతో బుద్ధిగా వెలుగుతారు. సీలింగ్‌కి అతికించి రెండు మీటర్ల డేటా వైరు లాగగానే పూనకం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు జనం కోడ్‌ని తిట్టి, లైబ్రరీ మార్చి, రౌటర్ రీస్టార్ట్ చేస్తారు. కావలసింది 3.3 సిగ్నల్‌ని 5కి పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్పు ఒకటి. దానికి 5 వోల్టులిచ్చి, అందులోని నాలుగు గేట్లలో మనం వాడే గేటుని పనిచేయించే ఎనేబుల్ పిన్నుని గ్రౌండ్‌కి కలపాలి. ఆ పిన్ను గాల్లో వదిలేసి చిప్పు పాడైందనేవాళ్లే ఎక్కువ. ఇదే పని చేస్తామనే, చిన్న మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) ఉన్న లెవల్ షిఫ్టర్ మాడ్యూళ్లు తమరి ముందు పనికిరావు. సిగ్నల్ 0.4 మైక్రోసెకన్లు పైన ఉంటే ‘0’ అని, 0.8 ఉంటే ‘1’ అని చదివేస్తారు. వాటి సిగ్నల్ అంత వేగంగా పైకి లేవదు.

ఒక్కచోట మాత్రం వైఫైది నిజంగా తప్పే. ఒక్కో దీపానికి 24 బిట్లు, 30 మైక్రోసెకన్లు. 300 దీపాలకి 9 మిల్లీసెకన్లు. ఆ మధ్యలో వైఫై తలుపు తట్టిందా, లెక్క తప్పి ఎక్కడో ఒక దీపం వెర్రి రంగులో మెరుస్తుంది. ప్రోగ్రాంలో వైఫై ఆపి చూడాలి. మెరుపు పోతే డేటాని ఆర్ఎక్స్ పిన్నుకి (జీపీఐఓ3) మార్చి, ప్రాసెసర్‌తో పని లేకుండా డేటా దానంతటదే వెళ్లే డీఎంఏ పద్ధతి పెట్టుకోవాలి. పోకపోతే వైర్లలోనే వెతకాలి.

ఇక తమరి ఆకలి. నిండు తెలుపులో ఒక్కో దీపానికి 60 మిల్లీఆంపియర్ల దాకా. మీటరుకి 60 చొప్పున 5 మీటర్లంటే 18 ఆంపియర్లు. దీన్ని 2 ఆంపియర్ల ఫోన్ చార్జరుతో పోషించాలని చూసేవాళ్ల ధైర్యానికి దండం. సప్లై పెద్దదే అయినా ఒక్క కొసలోంచే ఇస్తే, పంక్తిలో చివర కూర్చున్నవాడికి కూర అయిపోయినట్టే. ముందు నీలం సన్నగిల్లుతుంది, తెలుపు కాస్తా పసుపు తిరుగుతుంది. మల్టీమీటరుని చివరి రాగి మెత్తల (ప్యాడ్ల) మీద పెట్టి నిండు తెలుపు వెలిగిస్తే గుట్టు బయటపడుతుంది: ఈ కొసన 5.0, ఆ కొసన 4 కూడా లేదు. రెండు కొసల్లోనూ, వీలైతే మధ్యలోనూ లావు వైర్లతో కరెంటు ఇవ్వాల్సిందే. అదంతా బోర్డు పిన్నులోంచి పారించాలనుకుంటే పొగ వస్తుంది.

సప్లై నెగెటివ్, బోర్డు గ్రౌండ్ కలపకపోతే తమరు పండగ చేసుకుంటారు; చెయ్యి దగ్గరికి తెచ్చినా రంగులు మారుస్తారు. అందుకే గ్రౌండ్ ముందు కలిపి, డేటా వైరు ఆఖర్న. తమరి డేటా గుమ్మంలో 330 ఓమ్‌ల రెసిస్టర్, కరెంటు వైర్ల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఇంత మర్యాద చేశాక కూడా 42వ దీపం దగ్గర ఆగిపోతే, చచ్చింది 42 ఒక్కటే అనుకోలేం. 41వది డేటా బయటికి పంపడం మానేసి ఉండొచ్చు. రెండింటినీ రాగి మెత్తల మధ్య గీత మీద కోసి తీసేస్తాం, ముందే చెబుతున్నాం.

ఇట్లు,
మల్టీమీటరు చేతబట్టిన తమ విధేయులు

తా.క.: కత్తెర తీసేముందు చూస్తే, 42వ దీపం నుంచి అతికిన ముక్క ఒంటి మీద డేటా వెళ్లే దిక్కు చూపే బాణం గుర్తు బోర్డు వైపు చూస్తోంది. డేటా లోపలికి వెళ్లే కొస బదులు, బయటికి వచ్చే ‘డీఓ’ అని రాసి ఉన్న కొసకి టంకం పెట్టాం. 41, 42 మీద ఆరోపణలు ప్రస్తుతానికి నిలిపివేయడమైనది.