మహారాజశ్రీ ‘నొప్పి వస్తే చూద్దాం’ గారికి

మహారాజశ్రీ ‘నొప్పి వస్తే చూద్దాం’ గారి సముఖానికి,

ముక్కు దూలం సరిచేసినా, సైనస్‌లు (ముక్కు చుట్టూ ఎముకల్లోని గాలి గదులు) తెరిచినా, ముక్కు ఆకారమే మార్చినా, ఆపరేషన్ తర్వాతి నొప్పికి తమరి ఆజ్ఞ ఒక్కటే: అడిగితే ట్రమడాల్ (ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా నొప్పి మందు) ఇవ్వండి. ఎవరడగాలి? మత్తులోంచి సగమే తేలి, ముక్కు నిండా నెత్తురు ఆపడానికి కూరిన ప్యాక్‌తో, నోటితో గాలి పీలుస్తూ, గొంతులోకి జారే నెత్తురు మింగుతున్న మనిషి. అడిగాక తమరు పంపే మందు కడుపులో తిప్పుతుంది. మింగిన నెత్తురు అక్కడ ముందే కాచుకుని ఉంటుంది కాబట్టి వాంతి ఖాయం. ఆ ఒత్తిడికి ముక్కులోంచి మళ్లీ నెత్తురు కారుతుంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లకు ముక్కు మూసి మరీ ఓపియాయిడ్ ఇప్పించే తమరి ధైర్యానికి జోహార్లు.

నర్వ్ బ్లాక్, అంటే నరం పక్కన తిమ్మిరి మందు ఎక్కించి నొప్పి దారి మూసేయడం, తమరికి గిట్టదని తెలుసు. ముక్కు నొప్పిని మోసే నరాలన్నీ ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం సంతానమే, వాటాలు మాత్రం వేరు. లోపలి వెనక భాగం స్ఫీనోపాలటైన్ గ్యాంగ్లియన్ (ముక్కు వెనకున్న నరాల ముడి) మీదుగా వచ్చే కొమ్మలది. లోపలి ముందు పైభాగం యాంటీరియర్ ఎత్మాయిడల్ నరానిది. ముక్కు పక్కలు, పైపెదవి ఇన్‌ఫ్రాఆర్బిటల్‌వి. ముక్కు కొన, దాని పైచర్మం ఎక్స్‌టర్నల్ నేసల్‌వి. సైనస్ ఆపరేషన్‌కు ఇన్‌ఫ్రాఆర్బిటల్ ఒక్కటే వేసి ‘బ్లాక్ ఫెయిల్’ అని రాసేవాళ్లే తమరికి దన్ను. పక్కింటికి తాళం వేసి, మా ఇంట్లో దొంగలు పడ్డారని ఫిర్యాదు చేసినట్టుంటుంది అది.

ఇన్‌ఫ్రాఆర్బిటల్ రంధ్రం కంటిపాపకు సూటిగా కింద, కంటి గూటి అంచు నుంచి సెంటీమీటరు లోపే దొరుకుతుంది. సూది పైకి జారకుండా రెండో చేతి వేలు ఆ అంచు మీదే ఉండాలి. 1 నుంచి 2 మి.లీ. చాలు. రంధ్రంలోకే దూర్చి ఎక్కిస్తే ఇరుకులో ఉన్న నరం నలుగుతుంది, పైగా ఆ దారి కంటి గూటిలోకే పోతుంది. ఎక్స్‌టర్నల్ నేసల్ ఇంకా తేలిక: ముక్కు ఎముక ఆగి మృదులాస్థి మొదలయ్యే చోట, నడిగీతకు 6 నుంచి 10 మి.మీ. పక్కన, చర్మం కింద కాస్త మందు.

అసలు పనితనం స్ఫీనోపాలటైన్ దగ్గరే. ముక్కులోంచి వెళ్తే మిడిల్ టర్బినేట్ (ముక్కు లోపలి పక్కగోడ మీది మడత) వెనక కొసను ఎండోస్కోప్‌లో చూస్తూ వేయొచ్చు. నోట్లోంచి వెళ్తే పై దవడ చివరి పళ్ల పక్కన, అంగిలిలో ఉన్న రంధ్రమే దారి. అది ముఖ్యంగా లోతుతో వ్యవహారం. పెద్దవాళ్లకు సూదిని కొన నుంచి 25 మి.మీ. దగ్గర 45 డిగ్రీలు వంచుకుంటే ఆ వంపు దాటి లోపలికి పోదు. వెనక్కి లాగి, నెత్తురు రాలేదని చూశాకే ఎక్కించాలి, అదీ మెల్లగా, ఒక్కో పక్కకు 1.5 నుంచి 2 మి.లీ. తొందరపడి లోతుగా పోతే మందు కంటి గూటిలోకి చేరుతుంది. లేచాక పేషెంటుకు ఒక డాక్టరు ఇద్దరుగా కనిపిస్తాడు. చాలావరకు మందు దిగాక సర్దుకుంటుంది, కానీ చూపు మసకబారిందంటే వెంటనే కంటి పరీక్ష జరగాల్సిందే.

ఇక లెక్క. 60 కిలోల మనిషికి బుపివకైన్ (బ్లాక్‌లో వాడే తిమ్మిరి మందు) కిలోకు 2 మి.గ్రా. చొప్పున గరిష్ఠంగా 120 మి.గ్రా., అంటే 0.5 శాతం మందు 24 మి.లీ. పై బ్లాకులన్నీ కలిపినా ఇందులో సగం కూడా కాదు. ఇబ్బందల్లా సర్జన్ ముందే గుచ్చిన లిగ్నోకైన్ (ఇంకో తిమ్మిరి మందు)ను, దూదికి తడిపిన 4 శాతం మందును ఎవరూ లెక్కలో కలపకపోవడంతోనే. ఆ రెండో దానిలో మి.లీ.కి 40 మి.గ్రా. ఉంటుంది! మోతాదు మించితే పెదవుల చుట్టూ తిమ్మిరి తొలి గుర్తుల్లో ఒకటి. బ్లాక్ వేసిన పెదవికి తిమ్మిరి ఎలాగూ ఉంటుంది, చెవుల్లో హోరంటోందని చెప్పాల్సిన మనిషేమో మత్తులో ఉంటాడు. కాబట్టి నమ్మాల్సింది ఈసీజీని. మోతాదు మించినప్పుడు విరుగుడుగా ఇచ్చే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రావణం) అందుబాటులో ఉండాలి, తొలి మోతాదు కిలోకు 1.5 మి.లీ.

తమరికి ఓ తీపి కబురు కూడా ఉంది: బ్లాక్ కొన్ని గంటలే. సాయంత్రం హాయిగా కబుర్లాడిన మనిషి అర్ధరాత్రి ఒక్కసారిగా లేచి కూర్చుంటాడు, తమరు కొలువు తీరుస్తారు. ఆ వేడుక చెడగొట్టడానికే బ్లాక్ దిగకముందే పారాసెటమాల్ మొదలుపెట్టి, 6 గంటలకోసారి 1 గ్రాము, ఎవరూ అడక్కపోయినా ఇస్తాం. లివర్ జబ్బున్నా, బరువు 50 కిలోల లోపున్నా తగ్గిస్తాం. పాలిప్స్ (ముక్కులో పెరిగే కండ బుడిపెలు), ఆస్తమా, ఆస్పిరిన్ పడకపోవడం మూడూ కలిసినవాళ్లకు మాత్రం ఆస్పిరిన్ తరహా నొప్పి మందైన డైక్లోఫెనాక్ జోలికి వెళ్లం. వేడి కాఫీ కూడా అంగిలి తిమ్మిరి వదిలాకే.

తమరు ఇంకా కన్నెయ్యని చోటొకటి ఉంది: ప్యాక్ తీసే పూట. అప్పటికి బ్లాక్ ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. గంట ముందు నొప్పి మాత్ర వేసి, ప్యాక్‌ను సెలైన్‌తో బాగా నానబెట్టి, మెల్లగా లాగమని మా తరఫున రాసి పెట్టాం. తమరి ట్రమడాల్ కావాలంటే దాని కింద, నొప్పి ఎంతో పదికి అంకె వేయించుకున్నాకే.

ఇట్లు,
తమరి కొలువుకు అడ్డుపడే మత్తు డాక్టర్లు