గూగుల్‌కు చిరునామా ఇచ్చే ముందు మన పేజీ చదవదగినదేనా?

కొత్తగా వెబ్‌సైటు పెట్టుకున్న తెలుగు పత్రికలవారు, సాహిత్య సంస్థలవారు, చిన్న వ్యాపారాలవారు దాదాపు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మా సైటు గూగుల్‌లో ఎప్పుడు కనిపిస్తుంది, దాన్ని అక్కడికి ఎలా పంపాలి? ఈ ఆత్రుతను సొమ్ము చేసుకుంటూ, మీ సైటును వందలాది సెర్చ్ ఇంజిన్లకు సమర్పిస్తామని చెప్పే సేవలు ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటికి ఖర్చుపెట్టిన ప్రతి రూపాయీ వృథా అని నేను నమ్ముతున్నాను. సెర్చ్ ఇంజిన్‌కు సైటు గురించి చెప్పడం పది నిమిషాల పని, అదీ ఉచితం. చెప్పిన తర్వాత అది వచ్చి చూసినప్పుడు పేజీలో చదవగలిగినదేమైనా ఉందా అన్నదే అసలు విషయం. తెలుగు సైట్ల విషయంలో ఆ పని సాంకేతిక నిపుణుడి చేతిలో కన్నా సంపాదకుడి చేతిలోనే ఎక్కువగా ఉంది.

సమర్పణ సేవలకు ఒకప్పుడు అర్థం ఉండేది. 1990ల చివర్లో యాహూ డైరెక్టరీలో మనుషులు కూర్చుని ఒక్కొక్క సైటునూ పరిశీలించి, వర్గాలవారీగా చేర్చేవారు. వ్యాపార సైటును త్వరగా పరిశీలించడానికి 299 డాలర్లు కట్టించుకున్న రోజులూ ఉన్నాయి. స్వచ్ఛంద సంపాదకులు నడిపిన డీమాజ్ డైరెక్టరీలో చోటు దొరకడాన్ని చాలామంది గుర్తింపుగా భావించేవారు. యాహూ డైరెక్టరీ 2014 చివర్లో, డీమాజ్ 2017 మార్చిలో మూతపడ్డాయి. ఎవరైనా ఒక చిరునామా టైపు చేసి పంపడానికి వీలుగా బహిరంగంగా ఉంచిన పెట్టెలను గూగుల్, బింగ్ రెండూ 2018లో తొలగించాయి. సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల చిరునామాల జాబితా) మారిందని గూగుల్‌కు కబురు పెట్టే 'పింగ్' పద్ధతికి కూడా 2023లో కాలం చెల్లింది. అలా వచ్చే కబుర్లలో అత్యధికం పనికిరాని సైట్లవేనని ఆ సంస్థే చెప్పింది. ఇప్పుడు సెర్చ్ ఇంజిన్లు కొత్త పేజీలను ప్రధానంగా లింకుల ద్వారా, సైట్‌మ్యాపుల ద్వారా తామే కనుక్కుంటాయి. పేజీల్లో కనిపించకుండా దాచిపెట్టే కీవర్డుల ట్యాగుకు తాము విలువ ఇవ్వడం లేదని గూగుల్ 2009లోనే స్పష్టం చేసింది. అయినా ఆ ట్యాగు నింపిపెడతామని బిల్లులో రాసేవాళ్లను నేను నిరుడు కూడా చూశాను.

ఇక సిద్ధం చేసే పని సంగతి. ఇంగ్లిషు సైటుకు అక్షరం ఒక సమస్య కాదు, తెలుగు సైటుకు సమస్య అక్షరం దగ్గరే మొదలవుతుంది. ప్రతి భాష అక్షరాలకూ కంప్యూటరులో తమవైన సంకేతాలను ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే స్థానం దక్కింది. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లపాటు మన ప్రధాన దినపత్రికలు ఒక్కొక్కటీ తమ సొంత ఫాంటుతోనే వెబ్‌లో నడిచాయి. ఆ ఫాంట్లలో తెరమీద 'క' కనిపిస్తున్నా, లోపల ఉండేది ఏదో ఒక ఇంగ్లిషు అక్షరమో గుర్తో. మనిషి కన్ను బొమ్మను చూస్తుంది కాబట్టి చదవగలిగింది. యంత్రం చూసేది లోపలి సంకేతాన్ని కాబట్టి దానికి అదంతా అర్థంలేని గీతల వరస. ఆ పాత పేజీలను యూనికోడ్‌లో చూపించడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు 'పద్మ' అనే అదనపు పరికరాన్ని ఔత్సాహికులు తయారుచేయాల్సి వచ్చింది. ఆ కాలపు వార్తలు వెతికితే దొరకకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఆ రోజులు పోయాయని అనుకుంటాం గానీ పూర్తిగా పోలేదు. అచ్చు పుస్తకాలు, మాసపత్రికలు ఇప్పటికీ చాలాచోట్ల యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలోనే పేజీ కడుతున్నాయి. ఆ పేజీలను అలాగే పీడీఎఫ్‌గా మార్చి సైట్‌లో పెట్టేస్తున్నారు. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి: తెలుగు రాకుండా ఇంగ్లిషు అక్షరాలూ చిహ్నాలూ కలగాపులగంగా వస్తే, ఆ ఫైలు లోపల తెలుగు లేదని అర్థం. సెర్చ్ ఇంజిన్‌కు ముందుగా అందేది కూడా ఆ కలగాపులగమే. ఇరవై ఏళ్ల సంచికలు ఆన్‌లైన్‌లో పెట్టామని సంతోషించే పత్రిక వాస్తవంగా ఇరవై ఏళ్ల బొమ్మలు పెట్టిందన్నమాట. సంచిక మొత్తం ఒకే ఫైలుగా ఉండడం మరో నష్టం. ముప్ఫై రచనలకు ఒకే చిరునామా, ఒకే శీర్షిక ఉంటే, వాటిలో ఒక కథను దాని పేరుతో వెతికే పాఠకుడికి అది దొరికే అవకాశం బాగా తగ్గిపోతుంది.

దీనికి దగ్గరి దారి లేదు. అను పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ వత్తులు తారుమారైన చోట్లు, మధ్యలో దూరిన ఖాళీలు, పోయిన పొల్లులు చూసుకోవడానికి ఒక మనిషి కూర్చుని ప్రూఫు చదవాలి. తర్వాత ఒక్కొక్క రచనకూ విడి పేజీ, రచయిత పేరు, ప్రచురణ తేదీ ఇవ్వాలి. సమర్పణ సేవకు ఇవ్వదలచిన డబ్బును ఒక ప్రూఫు రీడరుకు ఇవ్వండి అని నేను ప్రతి సంపాదకుడికీ చెబుతుంటాను.

యూనికోడ్‌లోకి వచ్చాక కూడా తెలుగుకు తనదైన చిక్కులు కొన్ని ఉన్నాయి. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్' తర్వాత 'వే' విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతాన్ని పెట్టాలి. అది పెట్టకపోతే 'వ' వత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. రెండూ ఒకే మాట అని మనకు తెలుసు, కానీ అక్షరాల వరసగా చూస్తే అవి రెండు వేర్వేరు మాటలు. 'పెళ్లి', 'పెళ్ళి' అన్నవీ, 'రుణమాఫీ', 'ఋణమాఫీ' అన్నవీ అంతే. పెద్ద సెర్చ్ ఇంజిన్లు ఇలాంటి తేడాలను కొంతవరకు కలుపుకుని చూస్తాయి; కానీ మన భాషలో అన్ని వేళలా అలా కలుపుతాయని నమ్మి కూర్చోవడానికి లేదు. సైట్‌లోపల మనం పెట్టుకునే చిన్న వెతుకు పెట్టె అయితే చాలా సందర్భాల్లో అస్సలు కలపదు. అందువల్ల ఒక పత్రిక ఒక వర్ణక్రమాన్ని ఎంచుకుని దానికే కట్టుబడటం శైలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, ఆ పత్రిక పాఠకుడికి దొరుకుతుందా లేదా అన్నది కూడా దానిమీద ఆధారపడి ఉంది.

ఇంతకన్నా నష్టం చేసేది శీర్షిక. తెలుగు జర్నలిజానికి చమత్కారమైన శీర్షికల సంప్రదాయం ఉంది, అది నాకూ ఇష్టమే. పత్తి ధర పడిపోయిన వార్తకు 'తెల్లబోయిన బంగారం' అని పెడితే కాగితం మీద అందంగా ఉంటుంది. కానీ వెతికేవాడు 'పత్తి ధర ఆదిలాబాద్' అని టైపు చేస్తాడు. ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా శీర్షికలో లేకపోతే, వార్త ఎంత లోతుగా రాసినా వెనక వరసలో పడిపోయే ప్రమాదం ఉంది. అందాన్ని వదులుకోవాలని నేననడం లేదు. పేజీ మీద పాఠకుడికి కనిపించే శీర్షిక వేరుగా, సెర్చ్ ఇంజిన్ కోసం పేజీ తలభాగంలో రాసే టైటిల్ వేరుగా ఉండవచ్చు. మొదటిదానిలో చమత్కారం ఉంచుకుని, రెండోదానిలో ఊరు, విషయం, అవసరమైతే సంవత్సరం సూటిగా రాస్తే రెండూ నెరవేరుతాయి.

ఊళ్ల పేర్ల దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఓరుగల్లు అని రాస్తాం, వరంగల్ అని వెతుకుతారు. బెజవాడ అని రాస్తాం, విజయవాడ అని వెతుకుతారు. విశాఖ అని మనం రాస్తే కొందరు వైజాగ్ అని టైపు చేస్తారు. రెండు పేర్లూ వ్యాసంలో ఒక్కొక్కసారి సహజంగా వచ్చేలా రాయడం మంచి రచయితకు కష్టం కాదు. చాలామంది తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చేసి వెతుకుతారన్నది నిజమే. అందుకని పేజీ అడుగున ఆ వర్ణక్రమాలన్నీ గుమ్మరించడం తప్పు. అది పాఠకుడికి చికాకు, సెర్చ్ ఇంజిన్ దృష్టిలో స్పామ్.

పేజీ చిరునామా గురించి భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. చిరునామాలో తెలుగు అక్షరాలు ఉండటాన్ని గూగుల్ అంగీకరిస్తుంది. కానీ ఆ చిరునామాను సాంకేతిక రూపంలోకి మార్చినప్పుడు ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది అక్షరాలంత అవుతుంది. 'తెలుగు' అనే చిన్న మాటే 54 అక్షరాలంత సాగుతుంది. సైట్లు నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో, చిరునామాలో శీర్షిక నుంచి వచ్చే భాగానికి 200 అక్షరాల పరిమితి ఉంది కాబట్టి, పొడవైన తెలుగు శీర్షిక నుంచి దానంతటదే తయారైన చిరునామా సగం మాట దగ్గర తెగిపోతుంది. వాట్సాప్‌లో పంచుకున్నప్పుడు కూడా అది చాలాసార్లు శాతం గుర్తుల బారుగా కనిపిస్తుంది. ఈ కారణాలవల్ల చిరునామాను రెండు మూడు మాటలకు కుదించి ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా, ప్రచురించాక దాన్ని మార్చకూడదు. తప్పనిసరై మార్చితే పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వత మళ్లింపు పెట్టాలి.

క్రాలరు, అంటే సెర్చ్ ఇంజిన్ తరఫున పేజీలను చదివే ప్రోగ్రాము, సైట్‌లోకి వచ్చాక లింకులను పట్టుకుని ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళుతుంది. అది పెట్టెలో మాట టైపు చేసి వెతకదు, 'ఇంకా చూపించు' అన్న బొత్తాన్ని నొక్కదు. పాత వ్యాసాలు ఆ బొత్తం వెనక మాత్రమే ఉంటే అవి దానికి కనపడవు. సంవత్సరాలవారీగా, రచయితలవారీగా మామూలు లింకులున్న జాబితా పేజీలు పెడితే క్రాలరుకూ దారి దొరుకుతుంది, పాఠకుడికీ దొరుకుతుంది. గూగుల్ ఇప్పుడు సైటు మొబైల్ రూపాన్నే చదివి ఇండెక్స్ చేస్తుంది (తన వెతుకు జాబితాలో చేర్చుకుంటుంది) కాబట్టి, కంప్యూటరులో కనిపించే పాఠమంతా ఫోనులోనూ ఉండాలి.

తెలియక తలుపులు మూసేసుకోవడం మరొక తప్పు. ఒక సాహిత్య మాసపత్రిక సైటు ఏడాది గడిచినా గూగుల్‌లో ఒక్క పేజీ కూడా రాలేదని నన్ను చూడమన్నారు. వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో 'రీడింగ్' విభాగంలో, ఈ సైటును ఇండెక్స్ చేయవద్దని సెర్చ్ ఇంజిన్లకు చెప్పే గడి ఒకటి ఉంటుంది. సైటు తయారవుతున్నప్పుడు దాన్ని టిక్ చేసి, తర్వాత తీయడం మరచిపోయారు. పన్నెండు సంచికల శ్రమ ఆ ఒక్క టిక్కు వెనక ఉండిపోయింది. ఆ సంపాదకుడి ముఖం నాకింకా గుర్తుంది. రోబోట్స్ ఫైలు విషయంలోనూ ఇలాంటి పొరపాట్లు జరుగుతుంటాయి. క్రాలరు ఎక్కడికి రాకూడదో చెప్పే ఈ ఫైలు 1994 నుంచి వాడుకలో ఉంది. కృత్రిమ మేధ సంస్థలు తమ రచనలను తీసుకోకూడదని కోరుకునే ప్రచురణకర్తలు, ఆ క్రాలర్ల పేర్లు మాత్రమే రాయాల్సింది పోయి అందరినీ ఆపే వాక్యం రాసి, సెర్చ్ ఇంజిన్లను కూడా గెంటేస్తున్నారు. ఒక పేజీ ఫలితాల్లో రాకూడదంటే ఈ ఫైలు సరైన సాధనం కూడా కాదు. అందుకు 'నోఇండెక్స్' సూచన ఆ పేజీలోనే ఉండాలి, దాన్ని చదవడానికి క్రాలరును లోపలికి రానివ్వాలి.

ఇవన్నీ సరిచూసుకున్నాక సమర్పణ. సైటు యజమానుల కోసం గూగుల్ నడిపే సెర్చ్ కన్సోల్‌లో సైటు మనదేనని నిరూపించుకోవాలి. డొమైన్ (సైటు పేరు) రికార్డుల్లో వారిచ్చిన ఒక వాక్యాన్ని చేర్చితే సరిపోతుంది. ఆ ఖాతాను సైటు చేసిపెట్టిన వ్యక్తి పేరుమీద కాకుండా సంస్థ పేరుమీదే తెరవాలి, ఎందుకంటే ఆ వ్యక్తి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాక తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని సంస్థలను చాలా చూశాను. తర్వాత సైట్‌మ్యాప్ చిరునామా ఇవ్వాలి. ఒక సైట్‌మ్యాప్ ఫైలులో 50,000 చిరునామాల వరకు ఉండవచ్చు, కాబట్టి మన పత్రికల్లో చాలావాటికి ఒక్కటి చాలు. అందులో ప్రాధాన్యం చెప్పే అంకెలను గూగుల్ పట్టించుకోదు. పేజీ చివరిగా మారిన తేదీని మాత్రం, అది నిజాయితీగా ఉన్నంత కాలం, చూస్తుంది. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లోకి ఇవే వివరాలను సెర్చ్ కన్సోల్ నుంచి నేరుగా తెచ్చుకోవచ్చు. డక్‌డక్‌గో వంటివి ఫలితాలను చాలావరకు బింగ్ నుంచే తీసుకుంటాయి కాబట్టి, ఈ రెండు చోట్లా చెబితే తెలుగు పాఠకులు వాడే సెర్చ్ ఇంజిన్లలో అత్యధిక భాగానికి చెప్పినట్టే.

తర్వాత ఆగాలి. కొన్ని పేజీలు రోజుల్లో వస్తాయి, కొన్నిటికి వారాలు పడుతుంది, కొన్ని రానే రావు. ఒకే పేజీకి మళ్లీ మళ్లీ అభ్యర్థన పెట్టినంత మాత్రాన అది ముందుకు జరగదు. 'చూశాం కానీ ఇండెక్స్ చేయలేదు' అన్న అర్థంలో కన్సోల్ చెప్పినప్పుడు సాంకేతిక లోపం కోసం వెతకడం కన్నా ఆ పేజీని తెరిచి చదవడం మంచిది. చాలాసార్లు అక్కడ మూడు వాక్యాలు, ఒక ఫొటో, మరో సైటు నుంచి తెచ్చి అతికించిన పేరా ఉంటాయి.

కన్సోల్‌లో నేను అందరికన్నా ముందు సంపాదకుడికే చూపించే పేజీ ఒకటి ఉంది. పాఠకులు ఏ మాటలు టైపు చేసినప్పుడు మన సైటు ఫలితాల్లో కనిపించిందో చెప్పే జాబితా అది. పదహారు నెలల వివరాలు అందులో ఉంటాయి. పైన చెప్పిన మాసపత్రికలో ఆ టిక్కు తీసేసిన కొన్ని నెలలకు ఆ జాబితా తెరిచి చూశాం. కథల పేర్లకన్నా ఎక్కువగా, రచయితల ఊళ్ల పేర్లతో వెతికి వచ్చినవాళ్లు కనిపించారు. మా పత్రికలో రచయిత పరిచయం ఎప్పుడూ ఒక్క వాక్యమే, అందులో ఊరి పేరు ఉండదు కదా అని ఆ సంపాదకుడు అన్నారు. ఉన్న కొద్దిపాటి ఊళ్ల పేర్లూ కథల లోపలి నుంచి వచ్చినవే. ఆ వారం నుంచి పాత సంచికల రచయితలకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి, పుట్టిన ఊరు, మండలం అడిగి రాసుకుంటున్నారు.