లైసెన్స్ సరే, కాపీరైట్ ఎవరి పేరున ఉంది?

1984 జనవరిలో రిచర్డ్ స్టాల్‌మన్ ఎంఐటీ కృత్రిమ మేధ ల్యాబ్‌లో ఉద్యోగం వదిలేశారు. తాను రాయబోయే గ్నూ (అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్) కోడ్ తమదేనని సంస్థ రేపు అడ్డం తిరగకుండా చూసుకోవడానికే ఆ రాజీనామా. ఆ తర్వాత కూడా ల్యాబ్ అధిపతి ప్యాట్రిక్ విన్‌స్టన్ అనుమతితో అక్కడి కంప్యూటర్ల మీదే పనిచేశారు. అంటే ఆయన వదులుకున్నది జీతం, కాపాడుకున్నది కాపీరైట్.

స్పాన్సర్ డబ్బుతో నడిచే ఓపెన్ సోర్స్ ల్యాబ్‌లలో అందరికీ ఆ తెగువ ఉండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు. అయితే అక్కడ జరిగే చర్చంతా ఎంఐటీ లైసెన్సా, అపాచీనా, జీపీఎల్లా అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. లైసెన్స్ అంటే హక్కుదారు ఇచ్చే అనుమతి. హక్కులన్నీ ఒక్కరి గుప్పిట్లో ఉంటే, విడుదలైన వెర్షన్‌ను వెనక్కి లాక్కోలేకపోయినా రాబోయే వెర్షన్‌కు షరతులు మార్చేయవచ్చు. 2023 ఆగస్టులో హషీకార్ప్ కంపెనీ తన సాఫ్ట్‌వేర్ టెర్రాఫామ్‌ విషయంలో చేసింది అదే. బయటి డెవలపర్లు కూడా అంతకుముందే సీఎల్ఏ (తమ కోడ్‌పై కంపెనీకి విస్తృత హక్కులిచ్చే ఒప్పందం) మీద సంతకాలు పెట్టి ఉన్నారు. పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు చీలి వచ్చింది కాబట్టి సరిపోయింది. చీలి వచ్చి నిలబడే సత్తా చిన్న పరిశోధన ప్రాజెక్టుకు ఎక్కడిది?

లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సంగతి వేరు. కాపీరైట్ వేలమంది చేతుల్లో చెదిరి ఉంది. 2007లో జీపీఎల్ మూడో వెర్షన్ వచ్చినా కెర్నెల్ రెండోదాని మీదే ఉండిపోయింది. కెర్నెల్ సృష్టికర్త టోర్వాల్డ్స్‌కు ఇష్టం లేదన్నది నిజమే. ఇష్టపడినా అంతమందిని ఒప్పించడం అయ్యేపని కాదు. చెదిరిన హక్కుదారులు పెద్ద తలనొప్పి అని స్పాన్సర్ల వకీళ్లు అంటుంటారు. ఆ తలనొప్పే ప్రాజెక్టుకు రక్షణ అని నా అభిప్రాయం. ఎక్కడి కోడ్ ఎక్కడినుంచి వచ్చిందన్న భయం ఉంటే, లినక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ కంపెనీ వేసిన దావా తర్వాత 2004లో కెర్నెల్ తెచ్చుకున్న పద్ధతి ఉండనే ఉంది. ప్రతి ప్యాచ్ (కోడ్ మార్పు) కింద 'సైన్డ్ ఆఫ్ బై' అని రాసినవారి పేరు, ఈమెయిల్‌తో ఒక్క లైన్. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని హామీ ఇస్తారు, హక్కు మాత్రం రాసివ్వరు.

ఎక్కువమంది గమనించని మెలిక పేటెంట్లది. ఎంఐటీ లైసెన్స్‌లో పేటెంట్ అన్న మాటే రాదు. 2004లో వచ్చిన అపాచీ 2.0లో స్పష్టమైన పేటెంట్ అనుమతి ఉంది కాబట్టి చాలా ల్యాబ్‌లు నిశ్చింతగా ఉంటాయి. కానీ ఆ అనుమతి ఇచ్చేది కోడ్ అందించినవారు. స్పాన్సర్ చెక్కు మాత్రమే ఇచ్చి, ఒక్క లైను కోడ్ కూడా ఇవ్వకపోతే అతని పేటెంట్లు ఆ హామీలోకి రావు. పైగా 'ప్రాజెక్టు కాలంలో పుట్టిన ఫలితాలన్నింటిపై పేటెంట్లు స్పాన్సర్‌వే' అన్న వాక్యం ఒప్పందంలో ఉంటే, కోడ్ అందరిదీ, దాన్ని వాడుకునే హక్కు ఒకరిదీ అవుతుంది. లైసెన్స్ ఫైలు ఎన్నిసార్లు చదివినా ఇది కనబడదు. ఒప్పందంలోనే పట్టుకోవాలి.

అందరికంటే బలహీనంగా ఉండేది పరిశోధక విద్యార్థి. ఒప్పందం మీద సంతకం సంస్థది, కోడ్ రాసింది విద్యార్థి. ఉద్యోగి కాని మనిషి రాసినదానికి 'ఉద్యోగి రాసింది యజమానిదే' అన్న సూత్రం తనంతట తాను వర్తించదు. అందుకే చేరేటప్పుడే హక్కులు బదలాయించే కాగితం చేతిలో పెడతారు. పేరు సంగతీ అంతే. 1991 యూరప్ సాఫ్ట్‌వేర్ ఆదేశం ఉద్యోగి కోడ్‌పై ఆర్థిక హక్కులను యజమానికి అప్పగించింది, రచయితగా పేరుండే హక్కు జోలికి పోలేదు. ఆచరణలో ఆ పేరు పోవడానికి చట్టం అక్కర్లేదు. కోడంతా స్పాన్సర్ రిపాజిటరీలోకి ఒకే కమిట్‌గా (ఒకే మార్పుగా నమోదు చేసి) ఎక్కిస్తే చాలు, ఏ లైను ఎవరిదో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైనూ ఎక్కించినవారి పేరు మీదే కనిపిస్తుంది. కాపీరైట్ నోటీసు ఉంచమని లైసెన్సులు అడుగుతాయి, చరిత్ర ఉంచమని అడగవు.

స్పాన్సర్‌కు దక్కాల్సింది ఏమీ లేదని కాదు. ఎంఐటీ క్యాంపస్ కంప్యూటర్ల కోసం నడిపిన అథీనా ప్రాజెక్టుకు డెక్ (డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్), ఐబీఎం అండగా నిలిచాయి. అక్కడ పుట్టిన, తెర మీద విండోలు చూపే ఎక్స్ విండో సాఫ్ట్‌వేర్ 1987 నాటి ఫైళ్ల పైభాగంలో డిజిటల్, ఎంఐటీల పేర్లు పక్కపక్కన ఉంటాయి. కింద ఉన్నది ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతి, మా పేర్లు ప్రచారానికి వాడొద్దన్న షరతు. డెక్ పోటీదారులూ అదే కోడ్ వాడుకున్నారు. ఈనాటి స్పాన్సర్‌కు కూడా ఫైలు తలకట్టులో పేరు, ఫలితాలను కొన్ని వారాల ముందు చూసుకునే వీలు ఇవ్వొచ్చు. కాపీరైట్ బదలాయింపు అడిగితే మాత్రం తొలి కమిట్ పడకముందే కాదని చెప్పాలి. డబ్బు ఖాతాలో పడ్డాక ఆ మాట చెప్పగలిగే ల్యాబ్ డైరెక్టర్లు తక్కువ.