ఆ సీసాలో ఉన్నది ఆడపురుగు

కోపం చల్లారాక రాద్దామంటే ఇక రాయను. అందుకే ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా కూర్చుని రాస్తున్నా. డిగ్రీ కాలేజీల్లో బోటనీ, జువాలజీ చెప్పేవాళ్ళకు నా బాధ రెండు ముక్కల్లోనే అర్థమైపోతుంది. మిగతావాళ్ళు కొంచెం ఓపిక పట్టండి.

నిన్న మా దగ్గర జువాలజీ ప్రాక్టికల్ పరీక్ష జరిగింది. అనంతపురంలో ఏ కాలేజీ అని మాత్రం అడగొద్దు. స్పాటర్లంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: బల్ల మీద సీసాలు వరుసగా పెడతాం, ఒక్కోదానికి ఒక అంకె, లోపల ఫార్మలిన్‌లో ఒక జీవి. గంట కొట్టగానే పిల్లలు ఒక సీసా దగ్గర నుంచి పక్క సీసాకు జరగాలి. అదేమిటో గుర్తుపట్టాలి, బొమ్మ వేయాలి, ఎలా గుర్తుపట్టారో రెండు మూడు లక్షణాలు రాయాలి. నిన్న మూడో సీసాలో ఉన్నది ఏలికపాము. పుస్తకంలో పేరు ఆస్కారిస్. మనుషుల పేగుల్లో బతికే పురుగు. ఫిబ్రవరి 10న బడుల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర మింగించేది ఇలాంటి పురుగుల కోసమే.

మా చేతిలో ఉన్న కీలో మూడో అంకెకు ఎదురుగా 'ఆస్కారిస్, మగ' అని ఉంది. పరీక్ష రాసినవాళ్ళు 38 మంది. అందులో 37 మంది 'మగ' అని రాశారు. ఒక్క అమ్మాయి 'ఆడ' అని రాసింది. బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్‌గా మార్కులు వేయడానికి వచ్చిన సార్ దాని మీద అడ్డంగా గీత కొట్టి సున్నా వేశారు. గుర్తింపు తప్పయితే కింద రాసింది ఎవరూ చదవరు. అది మా అందరికీ ఉన్న అలవాటు.

సాయంత్రం పేపర్లు కట్ట కట్టేటప్పుడు ఆ సున్నా కింద ఏముందో చదివాను. "తోక చివర తిన్నగా ఉంది, వంకీ తిరగలేదు. ముందు నుంచి మూడో వంతు దగ్గర కొంచెం నొక్కినట్టు సన్నగా ఉంది. కాబట్టి ఇది ఆడ ఆస్కారిస్." అంతే రాసింది. పక్కన బొమ్మ. ఆ బొమ్మ పుస్తకంలోది కాదు, ఆ సీసాలో పురుగు ఎలా మెలిక పడి ఉందో అలాగే వేసింది.

లేచి వెళ్ళి ఆ సీసాను కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశాను. మగ ఆస్కారిస్‌కు తోక కిందివైపు కొక్కెంలా వంగి ఉంటుంది. ఆడది మగదానికన్నా పెద్దగా ఉంటుంది, తోక వంగదు. దీన్ని మేం మొదటి ఏడాదిలోనే చెప్తాం. సీసాలో ఉన్నది ఆడదే. అనుమానమే లేదు.

ఆ సీసా మా ల్యాబ్‌కు నాకంటే ముందే వచ్చింది. నేను చేరిన రోజు నుంచీ దాని చీటీ మీద మగ అనే ఉంది. నేనూ దాన్ని చూపించి మగ అనే చెప్పాను, ఇన్నేళ్ళూ. ఒక్కసారి కూడా వెలుతురుకు పట్టుకుని చూడలేదు. ఈ తప్పులో నా వాటా నేను దాచను.

మరి ఆ 37 మంది ఎలా గుర్తుపట్టారు? నీలం మూత ఉన్న సీసా మగ ఆస్కారిస్. అడుగున పసుపు పట్టిన సీసా జలగ. మూతి దగ్గర పగిలినది తేలు. సీనియర్లు జూనియర్లకు చెప్పి పోతారు. పిల్లలు పరీక్ష ముందురోజు మూతలు బట్టీ పడతారు. లోపలున్న పురుగును చూడాల్సిన అవసరమే రాదు. నేను వాళ్ళను తిట్టడం లేదు. మూత చూస్తే మార్కులు వచ్చే చోట పురుగును చూడమని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

ఎక్స్‌టర్నల్ సార్‌తో అన్నాను, సార్, ఇది ఆడది, ఆ అమ్మాయి రాసిందే కరెక్టు అని. ఆయన సీసా వైపు చూడలేదు. "కీలో అట్లుంది కదప్పా. మార్కులు ఎక్కించి సబ్మిట్ కూడా కొట్టేసినాం. ఒక్క పాప కోసం మళ్ళీ అందరివీ తిరగేస్తామా? వదిలేయప్పా" అన్నారు. మంచాయనే. బస్సు టైమైపోతోందని ఆయన టెన్షన్ ఆయనది. నిన్న రాత్రి అదే తలుచుకుని నిద్ర పట్టలేదు, అయినా ఇంకొకరిని అనేదేముందిలే అని ఊరుకున్నా.

అసలు మంట ఈరోజు పుట్టింది.

పొద్దున మా ఐక్యూఏసీ, అంటే కాలేజీలో నాణ్యత లెక్కలు చూసే విభాగం, చూసే సార్ పిలిచారు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళ పని దగ్గర పడుతోంది, కోర్సు ఔట్‌కమ్‌ల అటైన్‌మెంట్ షీట్లు నింపాలి. అంటే కోర్సు అయ్యాక పిల్లలకు ఏం రావాలో, అది ఎంతమందికి వచ్చిందో చూపే లెక్కలు. నా పేపర్‌కు రెండో ఔట్‌కమ్ ఏమిటంటే, 'విద్యార్థి అకశేరుకాల నమూనాలను పరిశీలించి గుర్తించగలగాలి, ఆడ మగ తేడాలను చెప్పగలగాలి.' రాసింది నేనే. ఆ ఔట్‌కమ్‌కు ముడిపెట్టింది ఈ మూడో సీసానే. ఎక్సెల్ షీటులో మార్కులు వేస్తే లెక్క దానికదే వచ్చేసింది. 38లో 37, అంటే 97 శాతం. 70 శాతం దాటితే మా దగ్గర లెవల్ 3, అన్నిటికన్నా పైది. గడి ఆకుపచ్చగా మారింది. ఆయన సంతోషించారు.

ఆ తర్వాత అన్న మాట ఇది: "ఆ ఒక్క అమ్మాయిని స్లో లెర్నర్స్ లిస్టులో వేసి రెమెడియల్ క్లాసు పెట్టినట్టు రాయండి సార్. ఒక ఫొటో కూడా జత చేయండి."

ఇంకోసారి చదవండి. నేనూ ఆయన మాట ఇంకోసారి అడిగి విన్నాను. ఆ గదిలో పురుగును పరిశీలించి, ఆడ మగ తేడా చూసి, కారణం రాసి చెప్పింది ఒక్కతే. నేను రాసిన ఔట్‌కమ్ అక్షరం పొల్లుపోకుండా సాధించింది ఒక్కతే. షీటు ప్రకారం సాధించనిది కూడా ఆమె ఒక్కతే. మూత చూసి రాసిన 37 మందికి లెవల్ 3, కళ్ళు పెట్టి చూసినదానికి రెమెడియల్ క్లాసు. ఆ క్లాసులో నేనేం చెప్పాలి? అమ్మా, ఈసారి లోపల చూడకు, మూత చూడు అనా?

ఈ ఔట్‌కమ్‌ల పద్ధతి పుట్టుకతో చెడ్డదని నేను అనను. పిల్లవాడికి ఎంత చెప్పాం అన్నది కాదు, వాడికి ఏం చేయడం వచ్చింది అన్నది చూడమంటుంది. అంతకన్నా మంచి మాట ఏముంది? అమెరికా విద్యావేత్త బ్లూమ్ 1956లో చదువు మెట్లు రాసినా, 2001లో తర్వాతివాళ్ళు వాటిని మార్చి రాసినా, గుర్తుపెట్టుకోవడం అన్నిటికన్నా కింది మెట్టు, విడదీసి చూడటం, తేల్చి చెప్పడం పైమెట్లు అనే కదా చెప్పింది. ఆ అమ్మాయి పైమెట్టు మీద నిలబడింది. మనం కింది మెట్టుకు మార్కులు వేసి, షీటులో పైమెట్టు క్రియాపదాలు రాసుకుంటున్నాం. 'విశ్లేషించును', 'మదింపు చేయును'. ఆ పదాల జాబితా ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ప్రతి ఔట్‌కమ్‌కు ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేస్తాం. ఎందుకు 2, ఎందుకు 3 అని అడిగినవాళ్ళను ఇంతవరకు చూడలేదు. నెలలో ఎన్ని సాయంత్రాలు ఈ గడులకే పోతున్నాయో మీకూ తెలుసు. ఆ సాయంత్రాల్లో ఒక్కటి చాలు, ల్యాబ్‌లో ఉన్న సీసాలన్నీ వెలుతురుకు పట్టుకుని సరిచూడటానికి.

సీసాల గురించి ఇంత ఎందుకంటున్నానంటే, మాకు మిగిలింది అవే. జంతువులను కోయడం తగ్గించమని యూజీసీ 2011లో చెప్పింది, 2014లో ఆపేయమంది. కప్పల కోసం నేను ఏడవను, అది మంచి పనే. కానీ కోత పోయిన చోట ఏం వచ్చింది? గోడ మీద చార్టు, రికార్డులో బొమ్మ. ఆ రికార్డు బొమ్మలు కూడా డబ్బులిచ్చి వేయించుకునే పిల్లలున్నారు. బయట పొలం ఉంది, చెరువు ఉంది, అక్కడికి తీసుకుపోవడానికి ఏ నిషేధమూ లేదు. తీసుకుపోయేది మాత్రం లేదు.

మన పక్కనే కడప జిల్లాలో కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని అందరూ అనుకున్న పక్షి. 1986లో సిద్ధవటం దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తకు దాన్ని పట్టి ఇచ్చింది పక్షులు పట్టే ఒక స్థానికుడు. ఆయనకు ఆ పక్షి రాత్రిపూట ఏ పొదల మధ్య తిరుగుతుందో తెలుసు. మా పిల్లలు కలివికోడి శాస్త్రీయనామం స్పెల్లింగ్ తప్పు లేకుండా రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ స్థానికుడు మా పరీక్ష రాసి ఉంటే సున్నాయే.

నా మంట నిన్నటిది కూడా కాదు. నిజం చెప్పాలంటే ఇది 2000 నాటిది.

అప్పుడు నేను ఇక్కడే బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ చదువుతున్నా. ఆ ఏడాది వానాకాలం మా నాయన ఆరెకరాల్లో శెనక్కాయ వేశాడు. పంట బాగా మొలిచింది. ఊడలు దిగే టైముకు మొవ్వులు మాడిపోవడం మొదలైంది. చిగురాకులు నల్లబడి, కాండం మీద మచ్చలు పడి, చెట్టు పైనుంచి కిందికి చచ్చిపోతోంది. నాయన ఒక చెట్టు పీక్కొచ్చి నా ముందు పెట్టాడు. "నువ్వు సదివేది చెట్ల సదువే కదరా. ఏం రోగమిది?" అన్నాడు.

బోటనీలో శెనక్కాయకు తిక్క ఆకుమచ్చ తెగులు ఉంది. దాని మీద వ్యాసం రాసి క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నా. చెట్టును చూశానా? చూడలేదు. తిక్క మచ్చ గుండ్రంగా ఆకు మీద వస్తుంది, ఇది మొవ్వును, కాండాన్ని చంపుతోంది. ఆ తేడా కళ్ళముందే ఉంది. నేను చదివింది ఒకటే రోగం కాబట్టి "తిక్క తెగులు నాయనా" అన్నాను. నాయన అప్పు చేసి దానికి మందు తెచ్చి కొట్టాడు. పోయే పంట పోయింది, మందు డబ్బులు కూడా పోయాయి.

ఆ ఏడాది మా ఒక్క చేనే కాదు. అనంతపురం జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్ల శెనక్కాయ ఆ రోగం బారిన పడింది, నష్టం 300 కోట్లు దాటింది. హైదరాబాద్ దగ్గరున్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చారు, అది టొబాకో స్ట్రీక్ అనే వైరస్ తెచ్చిన కాండం కుళ్ళు తెగులు. వైరస్ ఉండేది గట్ల మీద పెరిగే వయ్యారిభామలో. ఆ మొక్కకు పైకి ఏ రోగమూ కనిపించదు. దాని పుప్పొడిని ఒంటికి పూసుకున్న తామర పురుగులు శెనక్కాయ లేత ఆకులను గీరినప్పుడు, ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. ఒక కలుపు మొక్క, ఒక పురుగు, ఒక వైరస్, ఒక పంట. నేను చదివే బోటనీ, జువాలజీ రెండూ కలిసి మా గట్టు మీదే ఉన్నాయి. ఇదంతా నేను పీజీలో చదివి తెలుసుకున్నా. వయ్యారిభామను పూతకు రాకముందే పీకాలి, చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగు సాళ్ళు వేయాలి అని అప్పుడు తెలిసింది. నాయన ఆ పాటికి శెనక్కాయ మానేశాడు.

నా మార్కుల లిస్టు ఇప్పటికీ ఇంట్లో ఉంది. ఆ రోజు ఇప్పటి షీటు ఉండి ఉంటే నాకూ లెవల్ 3 వచ్చేది. అందుకే ఆ ఆకుపచ్చ గడిని చూస్తే ఒళ్ళు మండింది. నాయన చేతిలో మాడిపోయిన చెట్టు కనిపించింది.

సాయంత్రం బస్సుకు పోయేముందు ఆ అమ్మాయిని ల్యాబ్‌కు పిలిచాను. సీసా కిటికీ దగ్గర పెట్టి, "నువ్వు రాసిందే కరెక్టమ్మా, తప్పు మాది" అని చెప్పాను. భయపడుతూ వచ్చిన పిల్ల కొంచెం తేరుకుంది. మరి అందరూ మగ అని రాస్తుంటే నీకు అనుమానం రాలేదా అని అడిగాను.

"నాకూ తెలుసు సార్. నీలం మూతది మగదని సీనియర్ అక్క చెప్పింది. అట్లా రాస్తే మార్కులు పడతాయని కూడా తెలుసు. కానీ సూస్తే తోక వంగిండ్లేదు సార్" అంది.

ఆ పిల్ల వెళ్ళాక చీటీ గోరుతో గీకి తీసేశాను. కొత్త చీటీ మీద 'ఆస్కారిస్, ఆడ' అని రాసి అంటించాను. నీలం మూత కూడా మార్చాను.

రేపు పదకొండు గంటల్లోపు షీటు పంపాలట. రెమెడియల్ అని ఉన్న గడిలో ఆ అమ్మాయి పేరు రాయను. మిగతా 37 మంది పేర్లు రాస్తాను, వాళ్ళ కింద నా పేరు రాస్తాను. సోమవారం మధ్యాహ్నం అందరం కలిసి సీసాలన్నీ కిటికీ దగ్గరికి తీసుకుపోతాం. ఫొటో కావాలంటే అప్పుడొచ్చి తీసుకోమని చెప్తాను.